పంటు వచ్చేలోపు

అమ్మలూ,

మొన్న ఫోనులో నువ్వన్న మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "రోజూ చూసే ఈ భీమవరంలో బొమ్మెయ్యడానికి ఏముంది మావయ్యా, సెలవు పెట్టి అరకు వెళ్తే గానీ చెయ్యి కదలదు" అన్నావు. వెళ్లు, వద్దనను. కానీ ఆ కొండతో నీకేం పరిచయం? అందరూ వేసిన కొండే నువ్వూ వేసుకొస్తావు.

డ్రాయింగు మాస్టారుగా ముప్పై ఏళ్లు చేశాను. నా బొమ్మల్లో పనికొచ్చేవి ఎక్కడికో వెళ్లి వేసినవి కావు, ఎక్కడో ఇరుక్కుపోయి వేసినవి. ఇల్లు సఖినేటిపల్లి, బడి నరసాపురం వైపు. మధ్యలో వశిష్ఠ గోదారి. దాన్ని దాటించే పంటు, అదే జనాన్నీ బళ్లనీ ఎక్కించుకునే పెద్ద పడవ, ఒక్క నిమిషం ఆలస్యమైతే వెళ్లిపోయేది. అది అవతలి రేవులో జనాన్నీ మోటారుసైకిళ్లనీ దింపి, మళ్లీ నింపుకుని వచ్చేదాకా ఇక్కడ నిలబడాల్సిందే. ఆ ఖాళీలో గీసేవాణ్ణి. తిట్టుకుంటూ గీసిన రోజులే ఎక్కువ.

ఒకసారి రేవులో ఓ పెద్దాయన గొడుగు పక్కన పెట్టుకుని టీ తాగుతుంటే వేశాను. వెనకనుంచి వచ్చి చూసి, "బాగానే ఉందండి మాస్టారూ, మరి నా గొడుక్కి ఊచ విరిగింది కదండీ, అది వెయ్యలేదేం?" అన్నాడు. చూస్తే నిజమే. గొడుగంటే ఎలా ఉంటుందో నాకు ముందే తెలుసుగా, అందుకని ఆయన గొడుగు చూడకుండా నా బుర్రలో ఉన్న గొడుగు వేసేశాను! ఆ సిగ్గు ఇప్పటికీ పనిచేస్తోంది.

నీకు మాత్రం ఎదురుచూపులు తక్కువా? ఆటో నిండేదాకా డ్రైవరు కదలడు. బ్యాంకులో సర్వర్ ఆగిపోతే జనం ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ నిలబడతారు, ఆ భుజాల వాలు చూడు. ఊరు దాటితే రొయ్యల చెరువులు. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతుంటే లేచే తుంపర దగ్గర ఏమీ వెయ్యకూడదు, కాగితం వదిలెయ్యాలి. నీటిరంగుల్లో మనకున్న అసలైన తెలుపు కాగితమే. ఒకసారి ముదురు రంగు పడ్డాక దాన్ని పూర్తిగా వెనక్కి తెచ్చుకోలేం. అందుకే కుంచె ముంచేముందే ఎక్కడ వెయ్యకూడదో చూసుకోవాలి.

ఇక పచ్చ. మన డెల్టాలో బొమ్మలేసేవాడికి ఇదే పెద్ద గండం. ఎటు చూసినా పచ్చే కదా అని ట్యూబులోని ఆకుపచ్చ తీసి పులిమేస్తే బొమ్మంతా ప్లాస్టిక్ తోరణంలా తయారవుతుంది. నారుమడి పచ్చలో పసుపు పాలెక్కువ. నాట్లు ఊడ్చిన నెలకి అదే చేను నీలానికి తిరుగుతుంది. ఈనాక మళ్లీ పసుపుకొస్తుంది. నీలం, పసుపు దగ్గర పెట్టుకుని ఎప్పటికప్పుడు కలుపుకో. కొబ్బరాకు సంగతి ఇంకా చిత్రం. మిట్టమధ్యాహ్నం ఎండలో అది పచ్చగా ఉండనే ఉండదు, ఆకాశాన్ని అద్దంలా తిప్పి కొడుతుంది. నీలి తెలుపులో మెరుస్తుంది. నమ్మకపోతే దొడ్లోకెళ్లి తలెత్తి చూడు.

చేతిలో రంగులు లేనప్పుడు పెన్సిలు గీత పక్కన రంగు పేరు రాసుకో. ట్యూబు మీది పేరు కాదు, మనింటి పేరు. ఆషాఢంలో గోదారిలో ఎర్రనీరు దిగినప్పుడు నా పుస్తకంలో "పాలు తక్కువైన టీ" అని రాసుకున్నాను. ఇంటికొచ్చి మట్టి పసుపు యెల్లో ఆకర్‌లో ఎర్ర గోధుమరంగు బర్న్‌ట్ సియెన్నా కలిపితే సరిగ్గా కుదిరింది. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలే బురదకి "కుడితి" అని రాశాను. దానికి అల్ట్రామెరైన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా కలిపి బూడిదరంగు చేసుకున్నా. నల్లరంగు ముట్టకు, బొమ్మ చచ్చిపోతుంది. ఈ మాట ఒప్పుకోనివాళ్లున్నారు, వాళ్ల గోల వాళ్లది.

ఖరీదైన కాగితం కొని బీరువాలో దాచావట, మీ అమ్మ చెప్పింది. ఆ మందపాటి 300 జీఎస్ఎం షీట్లని పోస్టుకార్డు ముక్కలుగా కోసెయ్. పెద్ద షీటు చూస్తే చెయ్యి భయపడుతుంది, చిన్న ముక్క పాడైతే ఏడుపు రాదు. ముసురు రోజుల్లో తడి ఓ పట్టాన ఆరదు, తొందరపడి రెండో పూత వేశావో రంగులన్నీ ముద్దైపోతాయి. అలాంటి రోజున ఆరకుండానే వేసే బొమ్మ ఎంచుకో, వానలో అవతలి లంక లాంటిది. కాగితం తడిపి, గట్టు మీది చెట్ల వరస ఒక్క చారగా దించితే అంచులు అవే కరుగుతాయి. రంగుపెట్టె మాత్రం తడిగా మూసెయ్యకు, బూజు పడుతుంది.

రాజమండ్రి వెళ్లే పనిబడితే చిత్రకారుడు దామెర్ల రామారావు చిత్రశాలకి వెళ్లు. ఆయన బొంబాయి జేజే ఆర్ట్ స్కూల్లో చదువుకుని తిరిగి మన గోదారొడ్డుకే వచ్చినవాడు. 1925లో పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. అక్కడ పెద్ద బొమ్మల ముందు అందరూ నిలబడతారు. నువ్వు స్కెచ్చుల దగ్గర నిలబడు.

ఒక్క మాట మరిచాను. కష్టంలో ఉన్నవాళ్లని గీయకు. 1986 వరదప్పుడు గట్టు మీద టార్పాలిన్ పట్టాల కింద తలదాచుకున్నవాళ్లని చూసి పుస్తకం తీశాను. ఒకావిడ నావైపు చూసిన చూపుకి మూసేశాను. ఆ పేజీ ఇప్పటికీ ఖాళీయే.

సంక్రాంతికి వస్తావుగా. చించినాడ వంతెన మీదుగా కార్లో రాకు. నరసాపురం రేవులో దిగి పంటెక్కి రా. పంటు కోసం ఎంతసేపు ఆగాల్సొచ్చిందో నువ్వు చెప్పక్కర్లేదు, నీ పుస్తకం చూసి నేనే చెబుతాను.

మీ మావయ్య