జనగణనలో మా ఊరి లెక్క తప్పకుండా రావాలంటే యువజన సంఘంగా మేం ముందే ఏం చేయొచ్చు?

సభ పెట్టి, ఫ్లెక్సీలు కట్టి, ఆటోలో మైకు తిప్పుదామని అనుకుంటున్నట్టు రాశారు. చేయండి, తప్పులేదు. కానీ జనాభా లెక్కలు వస్తున్నాయని తెలియనివాళ్ళు ఊళ్ళో పెద్దగా ఉండరు. "ఇంట్లో ఎంతమంది?" అని అడిగినప్పుడు ఎవర్ని కలపాలో, ఎవర్ని వదలాలో ఆ ఇంటివాళ్ళకే తేలదు. లెక్క తప్పేది అక్కడే. 2011లో బళ్ళో టీచరుగా ఉంటూ కృష్ణా జిల్లాలో ఎన్యుమరేటర్ డ్యూటీ, అంటే ఇంటింటికీ తిరిగి లెక్కలు రాసుకునే పని చేశాను. ఆ అనుభవంతో చెప్తున్నాను, 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క మొదలయ్యేలోపు ఇల్లిల్లూ తిరిగి ఈ ఒక్క సంగతి తేల్చిపెట్టండి.

మాకు అప్పుడు చెప్పిన పద్ధతి సులువే. ఒక వంటింట్లో కలిసి తినేవాళ్ళు ఒక కుటుంబం. లెక్కలు జరిగే రోజుల్లో ఇంట్లో ఉన్నవాళ్ళు, ఆ రోజుల్లో కొన్నాళ్ళయినా ఇక్కడ గడిపి ఊరెళ్ళినవాళ్ళు, ఆఖరి రోజులోగా తిరిగొచ్చేవాళ్ళు ఇక్కడ లెక్క. ఆ రోజులన్నీ బయటే ఉండేవాళ్ళు ఎక్కడుంటే అక్కడ లెక్క. అంటే విజయవాడ హాస్టల్లో ఇంటర్ చదివే పిల్ల అక్కడే, బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు అక్కడే. అమెరికాలో ఉన్నవాణ్ణి ఇక్కడ రాయకూడదు. ఇది చెప్తే పెద్దవాళ్ళకు కోపం వస్తుంది, "మా అబ్బాయి పేరు తీసేస్తారా?" అని. ఓటరు లిస్టు వేరు, రేషన్ కార్డు వేరు, ఇది వేరు అని మీరు ముందే చెప్పి ఉంచితే గుమ్మంలో పంచాయితీ తప్పుతుంది.

ఎక్కువ రాయించేవాళ్ళ కన్నా నాకు బెంగ జారిపోయేవాళ్ళ గురించే. 2011 లెక్క అయ్యాక కొన్ని చోట్ల మళ్ళీ సరిచూస్తే, వెయ్యికి సుమారు 23 మంది లెక్కలో పడలేదని తేలింది. 121 కోట్ల దేశంలో అది చిన్న సంఖ్య కాదు. ఎవరు వాళ్ళు? మేడమీద గదిలో అద్దెకున్న కుర్రాళ్ళు, కడుతున్న అపార్ట్‌మెంటులో కాపలా ఉన్న కుటుంబం, చేపల చెరువు గట్టు మీద పాకలో ఉండేవాళ్ళు, ఇటుక బట్టీల్లో పనికి వచ్చినవాళ్ళు, పుట్టి ఇంకా పేరు పెట్టని పసిబిడ్డ. అందరూ ఊరివాళ్ళకు తెలిసినవాళ్ళే. ఎవరూ నోరు తెరిచి చెప్పరు, అంతే.

వంతులవారీగా కొడుకుల దగ్గర ఉండే తల్లిదండ్రుల మాట మరీ ముఖ్యం. ఒక ఇంట్లో అన్నదమ్ములు ఒకే ప్రహరీలో వేరు కాపురాలు. పెద్దాయన "అమ్మ ఈ నెల తమ్ముడి దగ్గర" అన్నాడు. పక్క గుమ్మంలోకి వెళ్తే తమ్ముడు "రేపో మాపో అన్నయ్య వంతు, అక్కడ రాసే ఉంటారు" అన్నాడు. అరుగు మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న ముసలమ్మ తలెత్తి "పంతులుగారూ, నేనింకా ఉన్నాను కదా!" అంది. ఆవిడ నోరున్న మనిషి కాబట్టి లెక్కలోకి వచ్చింది. మీ ఊళ్ళో ఇలాంటి ఇళ్ళన్నిటికీ వెళ్ళి, అమ్మను ఎవరు రాయించాలో ముందే మాట్లాడించండి.

తర్వాత వయసులు. పెద్దవాళ్ళను అడిగితే అరవై, అరవై అయిదు, డెబ్భై అంటారు, మధ్యలో అంకెలే ఉండవు. "దివిసీమ ఉప్పెన నాటికి పెళ్ళయిందా?" అని అడిగితే మా వైపు ఇట్టే చెప్పేవాళ్ళు. అది 1977. ఇందిరాగాంధీ పోయిన 1984 ఇంకో గుర్తు. మీ ప్రాంతంలో అందరికీ గుర్తున్న వరదో, గుడి కట్టిన ఏడాదో చూసుకుని ఇంట్లో అందరి వయసులూ ఒక కాగితం మీద రాయించండి. లెక్కలవాళ్ళు వచ్చేసరికి ఇంట్లో కోడలు ఒక్కతే ఉన్నా ఆ కాగితం చూసి చెప్పేస్తుంది. అన్నట్టు, ఆనవాయితీ ఒప్పుకోకపోతే భర్త పేరు చెప్పనక్కర్లేదని 1948 జనగణన చట్టంలోనే ఉంది. మొహమాటపడే పెద్దావిడలకు ఈ మాట చెప్తే నవ్వేసి మిగతావన్నీ చెప్తారు.

ఆడవాళ్ళ పని దగ్గర మగవాళ్ళ సమాధానం ఎప్పుడూ ఒకటే: "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది." అప్పటికే ఆవిడ గేదెకు గడ్డి వేసి, పాలు పితికి, నాట్లకు వెళ్ళి ఉంటుంది. సొంత పొలంలో కూలి లేకుండా చేసినా, ఇంటి వాడకానికే పాలు పితికినా 2011 నిబంధనల్లో అది పనే. ఈసారి డ్వాక్రా మీటింగులో పది నిమిషాలు దీనికే కేటాయించమని అడగండి. సభకన్నా అది ఉపయోగం.

ఈసారి అన్ని కులాల వివరాలూ రాసుకుంటారు. 1931 తర్వాత ఇదే మొదలు. 2011లో విడిగా చేసిన సామాజిక ఆర్థిక కుల గణనలో 46 లక్షలకు పైగా కులాల పేర్లు వచ్చాయని కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది. 1931లో ఉన్నవి 4,147. ఒకే కులాన్ని ఒకరు వాడుక పేరుతో, ఒకరు ఉపకులం పేరుతో చెప్తే ఇలాగే అవుతుంది. ఇంట్లో అన్నదమ్ములైనా ఒకే పేరు చెప్పేలా చూడండి. ఏ పేరు చెప్పాలన్నది మాత్రం వాళ్ళిష్టం, మీ సంఘం అందులో వేలు పెట్టకండి.

ఇక "మొన్ననే రాసుకుపోయారు కదా" అనేవాళ్ళు తప్పకుండా తగులుతారు. ఆంధ్రాలో 2024 జనవరిలో కుల గణన, తెలంగాణలో అదే ఏడాది నవంబరు నుంచి కుల సర్వే జరిగాయి. జనం దృష్టిలో అన్నీ ఒకటే. అవి రాష్ట్రాలు చేసినవి, ఇది దేశం మొత్తానిది అని చెప్పండి. రేషన్ కార్డు పోతుందేమో, పెన్షన్ ఆగుతుందేమో అన్న టెన్షన్‌తో మనుషుల్ని దాచేవాళ్ళకు ఇంకో మాట చెప్పాలి. ఒక ఇంటి వివరాలను చూపించమని అడిగే హక్కు చట్టం ఎవరికీ ఇవ్వలేదు, సివిల్ కేసుల్లో సాక్ష్యంగా కూడా అవి పనికిరావు. ఈ సంగతి మీరు చెప్తే సగం నమ్ముతారు. ఆ వాడలో మాట చెల్లే మనిషి, అంగన్‌వాడీ టీచరో, ఆశా వర్కరో చెప్తే పూర్తిగా నమ్ముతారు. బ్యాంకు ఖాతా వివరాలు ఎవరైనా అడిగితే మాత్రం వాళ్ళు లెక్కలవాళ్ళు కాదని గట్టిగా చెప్పి ఉంచండి.

ఈసారి ఫోన్లో సొంతంగా నింపుకునే వీలు కూడా ఉంది. చదువుకున్న పిల్లలున్న ఇళ్ళకు బాగానే ఉంటుంది. నింపాక వచ్చే ఐడీ నంబరు దాచుకుని, ఇంటికొచ్చిన ఎన్యుమరేటర్‌కి చూపించాలి. కానీ మీ కుర్రాళ్ళు ఊరందరి ఫోన్లూ పట్టుకుని వాళ్ళే నింపేయడం వద్దు. పక్కన కూర్చుని చదివి వినిపించండి, జవాబు ఆ ఇంటివాళ్ళదే ఉండాలి.

బస్టాండు, గుడి మెట్లు, వంతెన కింద పడుకునేవాళ్ళకు ఇల్లే లేదు కాబట్టి మీ ఇంటింటి జాబితాలో రారు. 2011లో వాళ్ళను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కపెట్టాం. ఎవరు ఎక్కడ పడుకుంటారో మీ ఊరి కుర్రాళ్ళకు తెలిసినంతగా ఆఫీసు కాగితాలకు తెలియదు. ఆ చోట్లు, పొలాల్లోని విడి పాకలు, కొత్తగా లేచిన వీధులు రాసి తహసీల్దార్ ఆఫీసులో, మునిసిపాలిటీ అయితే కమిషనర్ ఆఫీసులో జనవరిలోనే ఇచ్చి రండి.