తప్పుకున్నాడా, తప్పించుకున్నాడా

అబ్బాయ్,

హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ లెన్నాక్స్ లూయిస్, ఉక్రెయిన్ బాక్సర్ విటాలీ క్లిచ్కోతో రెండోసారి తలపడకుండా పారిపోయాడంటూ నువ్వు వాట్సాప్‌లో పంపిన వ్యాసం ఫోన్‌లో చదవడం నా కళ్ల వల్ల కాలేదు. అరండల్‌పేటలో జిరాక్స్ షాపుకెళ్లి ప్రింట్ తీయించుకుని నిన్న పొద్దున బెజవాడ ప్యాసింజర్‌లో చదివాను. 14 పేజీలు. కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ దొరక్క బండి ఆగిపోతే ఆ అరగంటలో రెండోసారి కూడా చదివేశాను. బెజవాడ దాకా వచ్చి కలవకుండా వెళ్లిపోయాడేంటని అనుకోకు, పెళ్లికి వచ్చాను, పైగా నిన్ను తిట్టాలంటే ఎదురుగా కంటే కాగితం మీదే నాకు సుఖం.

నీ మొదటి వాక్యం ‘లెన్నాక్స్ లూయిస్ పిరికివాడు.’ అక్కడే నాకు పేచీ. మొదటి లైన్లోనే తీర్పు చెప్పేశాక ఇక వాయిదాలెందుకు, సాక్షులెందుకు? నాలుగో పేజీకి వచ్చేసరికి నాకు ఆవలింత వచ్చింది, అది నీ తప్పే, ఎందుకంటే నాలుగో పేజీలో నువ్వు రాసింది నిజంగా బాగుంది. 2003 జూన్ 21, లాస్ ఏంజెలిస్. లూయిస్‌తో పోటీ పడాల్సిన కిర్క్ జాన్సన్ గాయంతో తప్పుకుంటే, రెండు వారాల ముందు విటాలీ క్లిచ్కోకి కబురు. లూయిస్‌కి 37 ఏళ్లు, 256న్నర పౌండ్లు, అంటే 116 కిలోల పైమాటే, జీవితంలో ఎప్పుడూ అంత బరువుతో రింగ్ ఎక్కలేదు. మూడో రౌండ్లో విటాలీ ఎడమకన్ను పైన చీలింది. ఆరో రౌండ్ అయ్యాక డాక్టర్ ఆపేశాడు. టైటిల్ లూయిస్ దగ్గరే ఉండిపోయింది. ఇంతవరకూ శుభ్రంగా చెప్పావు.

కానీ ‘స్కోరు 58-56, విటాలీయే ముందున్నాడు, కాబట్టి గెలుపు దొంగిలించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు చూడు, అక్కడ పాఠకుణ్ణి మోసం చేశావు. నీకు తెలిసి చేశావని అనను. ఆ అంకెని విప్పి చూపించాలి కదా! రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి మామూలుగా 9. ఆరు రౌండ్లలో నాలుగు విటాలీవి, రెండు లూయిస్‌వి, అందుకే 58-56. ముగ్గురు జడ్జీలూ అలాగే వేశారు. మరి ముందున్నవాడు ఓడిపోవడమేంటి? ఆ గాయం ఎలా అయిందన్నదే ప్రశ్న. పొరపాటున తలలు ఢీకొని చీలి ఉంటే, అప్పటికే ఆరు రౌండ్లు అయిపోయాయి కాబట్టి స్కోరు కార్డులు తెరిచి విటాలీ చెయ్యి ఎత్తేవాళ్లు. చీల్చింది లూయిస్ గుద్దు, రూలు ప్రకారం కొట్టిన దెబ్బ. అందుకని లూయిస్ గెలిచాడు. ఇది చెబితే నీ వాదన బలహీనపడుతుందని భయపడ్డావేమో. పడదయ్యా. అంత దగ్గరగా వచ్చి చేజారిన మ్యాచ్ కాబట్టే రెండోది కావాలని లోకమంతా అడిగింది.

ఇంకొకటి. ఆ డాక్టర్ ఎందుకు ఆపాడో నువ్వు రాయలేదు. విటాలీ తల ఎత్తినప్పుడు, చీలిన పైరెప్ప జారి చూపుకి అడ్డం పడుతోంది. కొట్టేవాడిని చూడాలంటే తల పైకెత్తాలి, ఎత్తితే కనపడడు. ఇంతకంటే ఏం కావాలి నీకు? 14 పేజీల్లో ‘సింహంలా గర్జించాడు’ అని మూడుసార్లు రాశావు (లెక్కపెట్టాను), ఒక్క రెప్ప గురించి రాయలేదు. ఆపొద్దని విటాలీ ఎందుకంత గొడవ పెట్టాడో కూడా నీ దగ్గర లేదు. 2000 ఏప్రిల్‌లో బెర్లిన్‌లో క్రిస్ బర్డ్ మీద 9 రౌండ్లు ఆడి, స్కోరులో బాగా ముందుండి, భుజం నొప్పితో స్టూలు మీద నుంచి లేవలేదతను. ఆ రోజు నుంచి అతణ్ణి మధ్యలో వదిలేసేవాడన్నారు. మూడేళ్ల తర్వాత మొహం నిండా రక్తంతో ఇంకా కొడతానని అరిచినవాడు అతనే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఊరుకో చాలు, సింహం అక్కర్లేదు.

ఇప్పుడు లూయిస్ సంగతి. మళ్లీ ఆడటం గురించి మాటలు నడిచాయి, కుదరలేదు. డిసెంబర్‌లో విటాలీ న్యూయార్క్‌లో అదే కిర్క్ జాన్సన్‌ని రెండో రౌండ్లో పడగొట్టాడు. 2004 ఫిబ్రవరి 6న లూయిస్ ఇక ఆడనని చెప్పేశాడు. నీ వ్యాసం అక్కడ ‘పారిపోయాడు’ అని ముగిసింది. మరి ఇదే లూయిస్ 2001 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలో హసీం రహ్మాన్ చేతిలో నాకౌట్ అయినప్పుడు, ఒప్పందంలో ఉన్న రీమ్యాచ్ ఇవ్వకుండా అవతలివాడు జారుకోబోతే కోర్టుకెక్కి మరీ ఇప్పించుకున్నాడు, నవంబర్‌లో నాలుగో రౌండ్లో పడగొట్టాడు. ఒలివర్ మెక్‌కాల్ మీద ఓడితే మళ్లీ ఆడి గెలిచాడు. హోలీఫీల్డ్‌తో 1999 మార్చిలో డ్రా అయితే అదే నవంబర్‌లో మళ్లీ దిగి గెలిచాడు. ఇవేవీ నీ వ్యాసంలో లేవు. అన్నిటికంటే మించినది, సియోల్ ఒలింపిక్స్ ఫైనల్లో తన చేతిలో ఓడిన రిడిక్ బో 1992లో ఛాంపియనయ్యాక, లూయిస్‌తో ఆడాల్సి వస్తుందని తన ఛాంపియన్ బెల్టుల్లో ఒకదాన్ని కెమెరాల ముందు చెత్తడబ్బాలో పడేశాడు! అవతలివాడు మొహం చాటేస్తే ఎలా ఉంటుందో లూయిస్‌కి తెలిసినంత ఎవరికి తెలుసు? అలాంటివాడు చివర్లో ఒక్క మ్యాచ్‌కి రాలేదు. కథ అక్కడుంది. నువ్వు దానికి పక్కనుంచి వెళ్లిపోయావు.

నన్నడిగితే, ఆ రెండో మ్యాచ్ వద్దనుకున్నాడు, అందులో నాకు అనుమానం లేదు. ఆడితే ఓడే అవకాశం ఎక్కువుందని అతని ఒంటికి తెలిసే ఉంటుంది. దాన్నే భయం అంటావా, 38 ఏళ్లవాడికి వచ్చే తెలివి అంటావా? నేనైతే ఏదీ అనను. మన భాషలో ఎంత సౌకర్యముందో చూడు, తప్పుకున్నాడు అంటే ఒక మనిషి, తప్పించుకున్నాడు అంటే ఇంకో మనిషి. జారుకున్నాడు, మొహం చాటేశాడు, వెనక్కి తగ్గాడు, దేని తూకం దానిదే. నువ్వు ఈ అయిదూ ఒకే పేజీలో, ఒకే పనికి, వరసగా వాడేశావు. మాట మారిస్తే విసుగుండదని ఎవరో చెప్పుంటారు. ఇక్కడ మాట మారితే అభియోగమే మారిపోతుంది నాయనా.

నేను ఈ పొరపాటు నీ వయసులోనే చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. అప్పట్లో ఒక పత్రిక ఆదివారం అనుబంధానికి రాసేవాణ్ణి. ఇక్కడి కుర్రాడొకడు జిల్లా బాక్సింగ్ పోటీల్లో పేరున్నవాణ్ణి ఓడించాడు, మరుసటి ఏడు అదే మనిషితో ఫైనల్, రాలేదు. ‘మొహం చాటేసిన వీరుడు’ అని హెడ్డింగ్ పెట్టి రాశాను, మిత్రులందరూ మెచ్చుకున్నారు కూడా. పది రోజులకి ఆ కుర్రాడు మా ఇంటికొచ్చాడు. కొడతాడేమోనని మా ఆవిడ తలుపు దగ్గరే నిలబడింది. అతనేమీ అనలేదు. అరుగు మీద కూర్చుని కుడిచెయ్యి పిడికిలి బిగించి చూపించాడు. నాలుగు కణుపులు కనపడాల్సిన చోట మూడే ఉన్నాయి, చిటికెనవేలిది లోపలికి కుంగిపోయింది. ఎముక విరిగి వంకరగా అతుక్కుందట. నాకు నోట మాట రాలేదు. క్షమించమందామని నోరు తెరిచేలోపు అతనే అన్నాడు, ‘చెయ్యి బాగున్నా వెళ్లేవాణ్ణో లేదో నాకే తెలీదు సార్, మీకెలా తెలిసిందో అడిగిపోదామని వచ్చాను.’

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. మజ్జిగ ఇస్తే తాగి వెళ్లిపోయాడు. ఆ వారం సవరణ వేయమని ఎడిటర్‌ని బతిమాలాను, వేయలేదు.

సరే, పనిలోకి వద్దాం. ఆ మొదటి పేజీ మొత్తం తీసెయ్. డాక్టర్ తల ఎత్తమన్న చోట మొదలుపెట్టు. బర్డ్‌నీ, రిడిక్ బోనీ తీసుకురా, రహ్మాన్ మీద వేసిన కేసు తప్పకుండా తీసుకురా, ‘పిరికి’ అన్న మాట ఎక్కడా రాయకుండా నడిపించు, ఆఖర్న ఆ ఫిబ్రవరి తేదీ వేసి ఆపేయ్. ఎనిమిది పేజీలు దాటితే నేను చదవను. ఇంకా పేజీలు మిగిలిపోయాయనిపిస్తే రౌండ్లు వర్ణించు, ఆరో రౌండ్ నీకు బాగా వచ్చింది, మొదటి అయిదింటికి ఓపిక చాలలేదని తెలిసిపోతోంది.

ఈసారి పీడీఎఫ్ పంపకు. ప్రింట్ తీసుకుని నువ్వే గుంటూరు రా, ప్యాసింజర్ టికెట్ కంటే జిరాక్స్ వాడు తీసుకున్నదే ఎక్కువ. మా ఆవిడ గోంగూర పచ్చడి సీసా ఒకటి నీ కోసం పక్కన పెట్టింది, అది పట్టుకెళ్లాలి కూడా.

మీ మాస్టారు