నాన్నగారి కారు మెకానిక్ దగ్గర ఆగిపోయింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారు పోయి ఏడు నెలలైంది. ఆయన పేరున 2006 ఆగస్టులో రిజిస్టరైన మారుతి 800 ఉంది. 2021లో ఐదేళ్లకు రెన్యువల్ చేయించారు, వచ్చే ఆగస్టుతో ఆ గడువు అయిపోతుంది. వీలునామా లేదు. అమ్మ, మామ్మ, నేను ఇంట్లో ఉంటాం. అక్క హైదరాబాద్‌లో, తమ్ముడు కువైట్‌లో ఉన్నారు. కారు నేను ఉంచుకోవడానికి అందరూ ఒప్పుకున్నారు. అమలాపురంలో ఒక మెకానిక్‌కి రిపేరుకిస్తే 28,000 అవుతుందని కాగితం మీద రాసిచ్చి 10,000 అడ్వాన్సు తీసుకున్నాడు. ఇప్పుడు 41,000 అంటున్నాడు. పైగా నాన్నగారు ఎప్పటిదో 6,500 బాకీ ఉన్నారట, అదీ కడితేనే కారిస్తానంటున్నాడు. ఇన్సూరెన్సు అయిపోయింది. అడ్వాన్సు పోను నా చేతిలో 45,000 ఉన్నాయి. — ఒక పాఠకుడు

జవాబు: మెకానిక్‌కి ఎంతివ్వాలో తేల్చుకునే ముందు కాగితాల ఖర్చు పక్కన పెట్టండి. 20 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి 10,000 అయింది. 15 నుంచి 20 ఏళ్ల లోపు బండికైతే 5,000. మీ కారుకి వచ్చే ఆగస్టులో ఇరవై నిండుతాయి కాబట్టి పదివేల లెక్కే వేసుకోండి. దానిమీద గ్రీన్ ట్యాక్స్, పేరు మార్పు ఫీజు, సర్వీసు ఛార్జీలు ఉంటాయి. 1000 సీసీ లోపు కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో ప్రకటించిన రేటు ప్రకారం ఏడాదికి 2,094, ఆపైన జీఎస్టీ, యజమాని ప్రమాద బీమా. మొత్తం మీద 15,000 ముట్టుకోకుండా ఉంచండి. మిగిలిన ముప్ఫై వేలే రిపేరు బడ్జెట్. 20 ఏళ్ల బండి తుక్కుకే పోవాలని ఎవరైనా భయపెడితే నమ్మకండి. ఆ నిషేధం గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర సొంత కారు పరీక్షలో నెగ్గితే మళ్లీ ఐదేళ్లు తిప్పుకోవచ్చు.

ఇక మెకానిక్ సంగతి. చేసిన పనికి డబ్బు ముట్టేదాకా బండిని తన దగ్గర ఉంచుకునే హక్కు అతనికి నిజంగానే ఉంది. కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 170 ఇచ్చిన హక్కది. స్టేషన్‌కి వెళ్తే ‘ఇది సివిల్ తగాదా’ అని పంపేస్తారు, అందులో వాళ్ల తప్పూ లేదు. అయితే ఆ హక్కు ఇప్పుడు చేసిన పని తాలూకు డబ్బుకే. ఏ పాత బాకీకైనా సరే చేతిలో ఉన్న వస్తువును ఆపి పట్టుకునే హక్కును సెక్షన్ 171 బ్యాంకర్లు, రేవు గిడ్డంగుల వాళ్ల వంటి కొద్దిమందికే ఇచ్చింది. వేరే ఒప్పందం ఉంటే తప్ప మెకానిక్‌కి అది లేదు. ఆ 6,500 ఇదే కారుకి చేసిన పనిదే అయినా, ఒకసారి బండిని బయటికి వదిలేశాక దానిమీద పట్టు పోయినట్టే. కాబట్టి ఆ బాకీ కోసం కారు ఆపడం చెల్లదు.

బాకీయే అబద్ధమని నేననడం లేదు. నాన్నగారి అప్పుకి వారసుల బాధ్యత ఆయన వదిలిన ఆస్తి మేరకు ఉంటుంది. కానీ మధ్యలో రాతపూర్వక ఒప్పుకోలు గానీ, కొంత చెల్లింపు గానీ లేకుండా మూడేళ్లు దాటిన బాకీని దావా వేసి వసూలు చేయలేరు. ఏ తేదీది, ఏ పనికి అని బిల్లు అడగండి. మొహమాటానికి వాట్సాప్‌లో ‘సరేలెండి, నాన్నగారి బాకీ నేను చూస్తాను’ అని మాత్రం రాయకండి. అలాంటి ఒక్క ముక్క రేపు మీ మీదే సాక్ష్యమవుతుంది.

అదనపు 13,000 దగ్గర మాత్రం మీరు పూర్తిగా మొండికేస్తే కుదరదు. మిమ్మల్ని అడగకుండా చేసిన పనైనా, అది ఉచితంగా చేసింది కానప్పుడు, దాని ఫలం మీరు అనుభవిస్తే న్యాయమైన ఖరీదు ఇవ్వాలని అదే చట్టం సెక్షన్ 70 అంటుంది. అందుకని షెడ్డుకి వెళ్లి తీసేసిన పాత సామాను చూపించమనండి. కొత్త సామాను కొన్న బిల్లులు, కూలి విడివిడిగా రాయించుకోండి. క్లచ్ ప్లేటు మార్చానంటే పాత ప్లేటు ఉండాలి కదా. కనబడని సామానుకి, మీతో చెప్పకుండా పెంచిన కూలికి డబ్బివ్వక్కర్లేదు. వెళ్లినప్పుడే మీటరు రీడింగు, బ్యాటరీ మీది సీరియల్ నంబరు, ఐదు టైర్లు, ఇంజన్ గది ఫోటోలు తీసి పెట్టుకోండి. ఆపి ఉంచిన బండిలో బ్యాటరీ మారిపోయిందన్న తగాదా తర్వాత నిరూపించడం కష్టం.

ఆపైన ఒక పేజీ నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి (రిజిస్టర్డ్ పోస్టు ఇప్పుడు అందులోనే కలిసిపోయింది). రాసిచ్చిన ఎస్టిమేటు 28,000, ఇచ్చిన అడ్వాన్సు 10,000, మిగతా 18,000తో పాటు రుజువు చూపిన అదనపు పనికి డబ్బు ఇవ్వడానికి సిద్ధం, పదిహేను రోజుల్లో కారు అప్పగించాలి. ఇంతే రాయండి, తిట్లు వద్దు. ఎస్టిమేటు కాగితం జిరాక్సు జత చేయండి. బండి అత్యవసరమై అతనడిగినంతా కట్టాల్సి వస్తే నగదు ఇవ్వకండి. యూపీఐలో వేసి, ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని అదే రోజు మెసేజ్ పెట్టండి. తర్వాత ఆ తేడా కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు ఫిర్యాదుకి ఫీజు లేదు, మీరు నివసించే చోటే వేసుకోవచ్చు, గడువు రెండేళ్లు. నన్నడిగితే దానికంటే ముందు మండల న్యాయసేవా కమిటీలో లోక్ అదాలత్ దరఖాస్తు మేలు. ఇలాంటి పదమూడు వేల తగాదాలు అక్కడ ఒకటి రెండు వాయిదాల్లో తెగే అవకాశం ఎక్కువ. వారసుల్లో ఒకరిగా అమ్మగారి పేరున పెడితే, ఆదాయంతో పని లేకుండా మహిళలకు న్యాయ సహాయం ఉచితం.

కారు చేతికొచ్చినా వెంటనే స్టీరింగ్ పట్టుకోకండి. యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీవోకి తెలియజేస్తే, మూడు నెలల వరకు వారసుడు బండి వాడుకోవచ్చని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 56వది చెబుతుంది. పేరు మార్పు దరఖాస్తు, అంటే ఫారం 31 కూడా ఆ మూడు నెలల్లోనే ఇవ్వాలి. మీకు ఆ గడువు దాటింది. దాంతో హక్కు పోదు, ఆలస్య రుసుము పడుతుంది, అంతే. ఇన్సూరెన్సు లేని బండి నడిపితే మాత్రం మొదటిసారికే 2,000 జరిమానా లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఎవరికైనా తగిలిందంటే నష్టపరిహారం మొత్తం మీ ఇంటి మీద పడుతుంది. మీ నాన్నగారి పాలసీ ఆయన పోయాక మూడు నెలలు లేదా గడువు తీరేదాకా, ఏది ముందైతే అంతవరకే. అందుకని అమలాపురం నుంచి టోయింగ్ బండి మీద తెప్పించండి, లేదా ముందు థర్డ్ పార్టీ పాలసీ తీసుకోండి.

పేరు మార్పుకి తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి, సచివాలయంలో దరఖాస్తు చేయండి. కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెమ్మని ఏజెంట్లు చెబితే వినకండి. అది బ్యాంకు డిపాజిట్లు, షేర్లు, రావలసిన అప్పుల కోసం. హిందూ వారసత్వ చట్టం ప్రకారం అమ్మగారు, మీ ముగ్గురు, మీ మామ్మగారు అయిదుగురికీ సమాన వాటా. కొడుకు ఆస్తిలో తల్లికి వాటా ఉంటుందన్నది చాలామంది మర్చిపోతారు. నలుగురి నిరభ్యంతర అఫిడవిట్లు నోటరీ చేయించండి. తమ్ముడు కువైట్‌లోని భారత రాయబార కార్యాలయంలో సంతకం చేసి ముద్ర వేయించి పంపాలి. ఆర్‌సీలో పాత లోను హైపోథికేషన్ ఉందేమో చూడండి, ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఆ లోను నమోదు తీసేయడానికి ఫారం 35 తెచ్చుకోండి. నంబరు మారదు, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టక్కర్లేదు. మీ పేరు ఎక్కేటప్పుడే నామినీని రాయించండి, ఆ సదుపాయం 2021 నుంచి ఉంది.

రెన్యువల్‌కి ఫారం 25 ఇవ్వాలి, గడువుకి 60 రోజుల ముందు నుంచి తీసుకుంటారు. అప్పుడు ఇన్‌స్పెక్టర్ బండి చూస్తాడు. మీ ముప్ఫై వేలు ముందు ఆ పరీక్షకి కావలసిన వాటికే పోవాలి. బ్రేకులు, హారన్, లైట్లు, ఇండికేటర్లు, వైపరు, అద్దాలు, సీటు బెల్టులు. టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు. నెలల తరబడి ఆగిన కారులో బ్రేకు ఆయిల్ తేమ పట్టి, వీల్ సిలిండర్ల రబ్బర్లు బిగుసుకుంటాయి. నాలుగు చక్రాలూ విప్పి చూడమనండి. ట్యాంకులో పాత పెట్రోలు తీసేయించండి, 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలుకి పాత ఫ్యూయల్ హోసులు తట్టుకోకపోవచ్చు కాబట్టి అవీ మార్పించండి. 2006 కారుకి పొల్యూషన్‌లో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం, హైడ్రోకార్బన్లు 750 పీపీఎం దాటకూడదు. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, ఆక్సిజన్ సెన్సార్ బాగుంటే సాధారణంగా అందులో నెగ్గుతుంది. పెయింటు, సీటు కవర్లు చివర్లో చూసుకోవచ్చు.

ఇంజన్ పనిలో ఒక జాగ్రత్త. తుక్కు బండి నుంచి ఇంజన్ బ్లాకు తెచ్చి వేస్తే చవకని మెకానిక్ చెప్పొచ్చు. బ్లాకు మారితే ఇంజన్ నంబరు మారుతుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం అది ఆర్‌సీలో ఎక్కాలి, ఆ ఇంజన్ ఏ బండిదో కాగితాలు చూపించాలి. అవి లేకపోతే మీ కారు దొంగ సామాను లెక్కలోకి పోతుంది. అదే బ్లాకులో రింగులు, బేరింగులు మార్పించుకుంటే కాగితాల పని ఏమీ లేదు.

మీది సముద్రపు గాలి తగిలే చోటు గనక తుప్పు సంగతి ముందే తేల్చుకోండి. ఫ్లోరు కార్పెట్ ఎత్తి, పాదాల దగ్గరా జాకీ పెట్టే చోటా స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. దిగబడితే అక్కడ రేకు పోయినట్టే. కొత్త రేకు వెల్డింగ్ చేయించుకోవచ్చు. చాసిస్ నంబరు ఉన్న రేకు మాత్రం కోయకూడదు, గ్రైండర్ తగలకూడదు. తుప్పు పట్టి అంకెలు కనబడకపోతే కిరోసిన్ గుడ్డతో, మెత్తటి బ్రష్‌తో తుడవండి. అప్పటికీ పెన్సిల్ ప్రింటు (నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే పడే అచ్చు) రాకపోతే ఆర్టీవోకి అర్జీ పెట్టి, వాళ్ల అనుమతితోనే మళ్లీ పంచ్ చేయించాలి. సొంతంగా కొట్టించిన నంబరుతో దొరికితే కేసు ఎదుర్కోవాలి.

ఫ్లోరు నాలుగు మూలలా దిగబడిందా, అప్పుడు ఆ మెకానిక్ లెక్క తేల్చి మిగతా డబ్బు దాచుకోండి. పాత ఇనప సామాన్ల కొట్టుకి అమ్మితే ఆర్‌సీ నాన్నగారి పేరునే మిగిలిపోతుంది. వారసుల కాగితాలతో ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇస్తే, బండి తుక్కుకి అప్పగించినట్టు డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని చూపించి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి. మీ ఇంట్లో ఎవరైనా కొత్త బండి కొంటే లైఫ్ ట్యాక్స్‌లో 25 శాతం దాకా రాయితీకి కేంద్ర నిబంధనలు వీలిచ్చాయి, ఆ సర్టిఫికెట్ పారేయకండి.