1975 నాటి ఎమర్జెన్సీ లాంటిది ఇప్పుడు విధించవచ్చా?

విధించవచ్చు గానీ అప్పటంత సులువు కాదు. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ఆ దారిని బాగా ఇరుకు చేసింది.

అప్పట్లో ఎమర్జెన్సీ విధించే అధికారమిచ్చే రాజ్యాంగం 352వ అధికరణంలో ‘ఆంతరంగిక కల్లోలం’ అనే మాట ఉండేది. సమ్మెలు, ధర్నాలు కూడా అందులోకి లాగేయగలిగేంత వదులు మాట. 1975 జూన్ 25 రాత్రి ఇందిరాగాంధీ సలహాపై రాష్ట్రపతి సంతకం పెట్టేశారు. మంత్రివర్గానికి తెలిసింది మర్నాడు పొద్దున. 1977లో గెలిచిన జనతా ప్రభుత్వం 44వ సవరణతో ఈ లొసుగుల్నే పూడ్చింది. ఇప్పుడు యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు, లేదా వాటి ముప్పు ఉండాలి. కేబినెట్ నిర్ణయం రాతపూర్వకంగా రాష్ట్రపతికి అందాలి. నెలలోపు ఉభయసభలూ ప్రత్యేక మెజారిటీతో (మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో కనీసం మూడింట రెండు వంతులు) ఆమోదించాలి. వీటన్నిటికంటే పెద్ద మార్పు వేరే ఉంది: 21వ అధికరణం కింద ప్రాణానికి, వ్యక్తి స్వేచ్ఛకు ఉన్న రక్షణను ఇక సస్పెండ్ చేయలేరు. అక్రమంగా నిర్బంధించినా కోర్టుకు వెళ్లే హక్కు లేదని 1976లో సుప్రీంకోర్టే చెప్పిందని గుర్తుంచుకుంటే దీని విలువ తెలుస్తుంది.

చాలామంది ఈ ఎమర్జెన్సీని రాష్ట్రపతి పాలనతో కలిపేస్తారు. అది 356వ అధికరణం, ఒక రాష్ట్రానికే పరిమితం. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది అదే; దానివల్ల ఎవరి ప్రాథమిక హక్కులూ ఆగలేదు.