ఈఎస్‌బీ బీరు చేదుగా, చప్పగా అనిపించిందా? ముందు ఫ్రిజ్‌లోంచి బయట పెట్టండి

మీరు లండన్‌లో కొన్న ఫుల్లర్స్ ఈఎస్‌బీని (ఎక్స్‌ట్రా స్పెషల్ బిట్టర్ అనే ఇంగ్లిష్ ఏల్ రకం బీరు) ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే తాగితే గ్యాస్ లేనట్టు, వట్టి చేదుగా ఉందన్నారు. సీసా పాడైందేమోనని టెన్షన్ పడకండి. చిక్కంతా చల్లదనంతోనే. మనకు అలవాటైన లాగర్‌లా ఇది జిల్లుమనేలా తాగే బీరు కాదు. ఇంగ్లండ్ పబ్బుల్లో పీపాలోని ఏల్‌ను 11 నుంచి 13 డిగ్రీల దగ్గర పోస్తారు. బుడగలు కూడా తక్కువే ఉంటాయి.

రెండో సీసాను ఓ అరగంట బయట ఉంచి, వెడల్పాటి గ్లాసులో పోయండి. తాగే ముందు వాసన చూడండి. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) నుంచి ముదురు పాకం వాసన, దాని వెనకే నారింజ మార్మలేడ్ (తొక్కతో చేసే జామ్) వాసన వస్తాయి. చిన్న గుక్క తీసుకుని నోరంతా తిప్పండి. ముందు తీపి తగులుతుంది, తర్వాత హాప్స్ అనే పూల చేదు మెల్లగా వచ్చి నిలబడిపోతుంది. చిక్కటి డికాక్షన్ తాగాక నాలుక మీద మిగిలే చేదు లాంటిదే అది. నాకైతే అదే ప్రాణం.

సీసాలో ఆల్కహాల్ 5.9 శాతం, కాబట్టి నిదానంగా తాగండి. పక్కన ఘాటైన చెడ్డార్ చీజ్ ముక్క ఉంటే ఇంకా బాగుంటుంది. మళ్లీ లండన్ వెళ్తే మాత్రం నగరానికి పడమటి వైపున్న చిజిక్‌లో, అది పుట్టిన చోటే, పీపా ఈఎస్‌బీ అడగండి. అది 5.5 శాతమే, రుచి మరింత మెత్తన.