థయజోలిడినోన్‌కు కాపర్ నిజంగా అతుక్కుందని ఎలా తెలుస్తుంది?
థయజోలిడిన్-4-ఓన్ (సల్ఫర్, నైట్రోజన్ ఉన్న ఐదు పరమాణువుల రింగు) లిగాండ్‌ను, అంటే లోహానికి అతుక్కునే అణువును, కాపర్ క్లోరైడ్‌తో ఇథనాల్‌లో రిఫ్లక్స్ చేస్తే (ఆవిరి తిరిగి చేరేలా మరిగిస్తే) వచ్చిన పొడి కాంప్లెక్సేనా (లోహం, లిగాండ్ బంధంతో కలిసిన పదార్థం), ఉత్త మిశ్రమమా అని అడిగారు. రంగు చూసి నమ్మొద్దు, ముందు ఐఆర్ (పరారుణ స్పెక్ట్రమ్) తీయండి. లిగాండ్‌లో కార్బొనిల్ (C=O) పట్టీ సుమారు 1700 సెం.మీ⁻¹ దగ్గర ఉంటుంది. ఆ ఆక్సిజన్ లోహానికి ఎలక్ట్రాన్ జంటను ఇస్తే బంధం కాస్త బలహీనపడి, పట్టీ తక్కువ విలువ వైపు జరుగుతుంది. జరగకపోతే లోహం ఇంకో చోట పట్టుకుందేమో వెతకాలి. రింగులోని నైట్రోజన్ అమైడ్ తరహాది, దాని ఎలక్ట్రాన్ జంట పక్కనున్న కార్బొనిల్ వైపు లాగబడి ఉంటుంది కాబట్టి దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోకండి.

కాపర్ 2+ అయాన్‌లో జతలేని ఎలక్ట్రాన్ ఉంటుంది కాబట్టి ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో కేంద్రకాల సంకేతాలు చూసే పద్ధతి) గీతలు చెదిరిపోతాయి. నేనైతే అదే లిగాండ్‌తో జింక్ కాంప్లెక్స్ కూడా చేసి చూస్తాను, జింక్‌కు జతలేని ఎలక్ట్రాన్ ఉండదు కాబట్టి స్పెక్ట్రమ్ శుభ్రంగా వస్తుంది. క్లోరైడ్ లోహానికి కట్టుబడి ఉందా, విడిగా ఉందా అన్నది మోలార్ కండక్టెన్స్ (ద్రావణం విద్యుత్తును ఎంత మోస్తుందన్న కొలత) చెబుతుంది. కాకపోతే కొలతకు వాడే ద్రావణి డీఎంఎఫే (డైమిథైల్ ఫార్మమైడ్) ఒక్కోసారి క్లోరైడ్‌ను తోసేసి ఆ చోట కూర్చుంటుంది, జాగ్రత్త.