ఒక యాంటీబయాటిక్ పడలేదు.. ఇంట్లో మిగిలిన ఇంకోటి వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. గొంతు నొప్పి, జ్వరానికి డాక్టర్ అమోక్సిసిలిన్-క్లావులనేట్ 5 రోజులకు రాశారు. రెండో రోజు మాత్ర వేసుకున్న అరగంటకే ఒళ్లంతా దద్దుర్లు, పై పెదవి కొంచెం వాచింది. సెట్రిజిన్ వేసుకుంటే తగ్గింది. కోర్సు మధ్యలో ఆపకూడదంటారు కదా, ఇంట్లో మావారికి రాసిన సెఫిక్సిమ్ మాత్రలు మిగిలి ఉన్నాయి. వాటిని ఎన్ని రోజులు వేసుకోవాలి?

జవాబు: ఎన్ని రోజులన్నది తర్వాత, ముందు మీరు ఒక్క ముక్కలో చెప్పి దాటేసిన ఆ పెదవి వాపు సంగతి చూడాలి. అరగంటలో దద్దుర్లు, దాంతోపాటు వాపు అంటే మామూలు దురద కింద తీసేయలేం, అదే మందు మళ్లీ వేసుకుంటే ఈసారి వాపు నాలుకకో గొంతుకో రావచ్చు. అమోక్సిసిలిన్ ఇంకొక్క మాత్ర కూడా వేసుకోకండి, వేరే కంపెనీ పేరుతో ఉన్నా సరే. సెట్రిజిన్ దురద తగ్గిస్తుంది గానీ ప్రాణం మీదికి వచ్చే రియాక్షన్‌ను ఆపలేదు, దానికి అడ్రినలిన్ ఇంజెక్షనే మందు. ఆయాసం, గొంతు బిగుసుకుపోవడం, కళ్లు తిరగడం, ఆగని వాంతులు.. వీటిలో ఏది కనిపించినా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. నోట్లో పుండ్లు, చర్మంపై బొబ్బలు, కళ్లు ఎర్రబడటం వచ్చినా అంతే, ఇవి కొన్ని రోజుల తర్వాత కూడా మొదలవుతాయి.

ఇక సెఫిక్సిమ్. మీకు పడని అమోక్సిసిలిన్ పెన్సిలిన్ రకం మందు, సెఫిక్సిమ్ ఆ పెన్సిలిన్‌కు దూరపు చుట్టం. పెన్సిలిన్ పడనివాళ్లలో సెఫిక్సిమ్ కుటుంబం మందులు (సెఫలోస్పోరిన్లు) కూడా పడకపోవడం నూటికి సుమారు ఇద్దరిలోనే ఉంటుందని ఇప్పుడు అంచనా, అయితే ఇదే కుటుంబంలోని సెఫలెక్సిన్, సెఫడ్రాక్సిల్ లాంటివి అమోక్సిసిలిన్‌కు మరింత దగ్గర కాబట్టి వాటితో రిస్కు ఎక్కువ. అంటే మీకు సెఫిక్సిమ్ పడే అవకాశమే ఎక్కువ, కానీ పెదవి వాచిన మనిషి మొదటి మాత్రను ఇంట్లో ఒంటరిగా వేసుకుని చూడటం నాకు అస్సలు ఇష్టం లేదు. పైగా అది మీ జబ్బుకు రాసింది కాదు, ఇంకొకరి జబ్బుకు రాస్తే మిగిలింది. అసలు ఆయన కోర్సులో మాత్రలు ఎందుకు మిగిలాయో కూడా అడగాలనుంది! దయచేసి ఆ అలవాటు మానుకోండి.

మధ్యలో ఆపకూడదన్న మాట మందు పడినవాళ్లకు. పడనప్పుడు ఆపాల్సిందే, ఆపి రాసిన డాక్టర్‌కు చెప్పాలి. గొంతు నొప్పుల్లో చాలావరకు వైరస్‌వే, గొంతు చూశాక మీకు వేరే యాంటీబయాటిక్ అవసరమే లేదని తేలినా ఆశ్చర్యం లేదు. అవసరమైతే అజిత్రోమైసిన్ లాంటి వేరే కుటుంబం మందు ఇవ్వొచ్చు, కానీ గుండె లయ సమస్యలుంటే దానికీ ఆలోచించాలి, అందుకే మిమ్మల్ని చూడకుండా ఫలానాది వేసుకోండని ఇక్కడ రాయలేను.

ఏ మందు పడలేదండీ అని అడిగితే చాలామంది ‘పేరు గుర్తులేదు, తెల్లగా పెద్ద బిళ్ల’ అంటారు. స్ట్రిప్పు తెస్తే పేరున్న చివరి ముక్కే చింపేసి ఉంటుంది. మీరలా చేయకుండా మందు పేరు, వేసుకున్న టైమ్, ఎంతసేపటికి ఏం వచ్చిందీ ఇవాళే రాసి పెట్టుకోండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి అలర్జీ స్పెషలిస్టు దగ్గర పరీక్ష చేయించుకుంటే ఇది నిజంగా పెన్సిలిన్ అలర్జీనా కాదా తేలుతుంది. ఇవాళే మీ డాక్టర్‌ను కలవండి, ఆ స్ట్రిప్పు వెంట తీసుకెళ్లండి, పెదవి వాచినప్పుడు ఫొటో తీసి ఉంటే అదీ చూపించండి.